వ్యాసం ఒకటే, తేదీలు ఆరు: జర్నల్ రిఫరెన్సుల్లో ఏ తేదీ రాయాలి, ఎలా రాయాలి

జర్నల్ వ్యాసాల మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంటుంది. వ్యాసం అందిన రోజు, సవరించిన రోజు, ఆమోదించిన రోజు, ఆన్‌లైన్‌లో పెట్టిన రోజు. అదే పేజీ పైభాగాన సంపుటి, సంచిక, నెల. కాపీరైట్ గుర్తు పక్కన ఇంకో సంవత్సరం. ఇవి చాలవన్నట్టు పీడీఎఫ్ దింపుకున్న తేదీని కూడా కొన్ని వెబ్‌సైట్లు పేజీ అంచున అచ్చువేసి ఇస్తాయి. రిఫరెన్స్ రాయడానికి కూర్చున్న విద్యార్థి కంట్లో ఏది ముందు పడితే అది జాబితాలోకి ఎక్కుతుంది. తప్పుల్లో సగం అక్కడే పుడతాయి. కామా ఎక్కడ, బ్రాకెట్ ఎక్కడ అన్న ప్రశ్న ఆ తర్వాతిది.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. హబ్సిగూడ, తార్నాక చుట్టుపక్కలే సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి పరిశోధన సంస్థలూ, ఉస్మానియా, ఇఫ్లూ విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. ఒక్కో రంగానిది ఒక్కో పద్ధతి. రసాయన శాస్త్రంలో సంవత్సరాన్ని బోల్డ్ చేస్తారు, వైద్యంలో సెమీకోలన్ పెడతారు, సాంఘిక శాస్త్రాల్లో బ్రాకెట్లో వేస్తారు, సాహిత్యంలో వరస చివరికి తోస్తారు. సీనియర్ థీసిస్ ఫైల్‌నో, పక్క గది మిత్రుడి ఫైల్‌నో నమూనాగా తీసుకోవడం మామూలే కాబట్టి ఈ పద్ధతులన్నీ ఒకే జాబితాలో కలిసిపోతుంటాయి. ఆ జాబితా చదివిన పరీక్షకుడికి విద్యార్థి అశ్రద్ధ కనిపిస్తుంది. నిజానికి అక్కడున్నది అశ్రద్ధ కాదు. ఏ తేదీ దేనికో ఎవరూ విడమరిచి చెప్పలేదంతే.

తేదీ చిరునామాలో భాగం

రిఫరెన్స్‌లో తేదీ వ్యాసం వయసు చెప్పడానికి మాత్రమే ఉండదు. సంపుటి, సంచిక, పేజీలతో కలిసి అది ఒక చిరునామా. ఇంటి నంబరు ఒక వీధిది, పిన్ కోడ్ ఇంకో ఊరిది రాస్తే ఉత్తరం చేరదు. ఇక్కడా అంతే. అందుకే అన్ని శైలులకూ వర్తించే సూత్రం ఒకటుంది: రాసే సంవత్సరం, రాసే సంపుటి ఒకదానికొకటి జతగా ఉండాలి.

ఊహకు ఒక వ్యాసం తీసుకుందాం. అది ఆన్‌లైన్‌లోకి వచ్చింది 2023 డిసెంబర్ 18న. తర్వాత 2024 మార్చి సంచికలో, 41వ సంపుటి 2వ సంచికలో, 115 నుంచి 130 పేజీల్లో చేరింది. దీని రిఫరెన్స్‌లో సంవత్సరం 2024. కాపీరైట్ గుర్తు పక్కన 2023 అని ఉన్నా 2024 అనే రాయాలి. 2023 అని వేసి, పక్కన 41(2), 115–130 అని రాస్తే ఆ జత ఎక్కడా దొరకదు. 41వ సంపుటి మొత్తం 2024దే. లైబ్రరీలో 2023 సంపుటి తెరిచిన పాఠకుడికి అక్కడ ఈ వ్యాసం ఉండదు. పత్రిక సంపాదక వర్గం వాడే సాఫ్ట్‌వేర్ కూడా సంవత్సరం, సంపుటి, మొదటి పేజీ, రచయిత పేరు కలిపి పోల్చి చూస్తుంది, జత కుదరకపోతే ఆ రిఫరెన్స్‌కు లింకు పడకపోవచ్చు.

వ్యాసం ఇంకా ఏ సంచికలోనూ చేరకపోతే సంపుటి, పేజీలు ఉండవు. అప్పుడు ఆన్‌లైన్‌లో వచ్చిన సంవత్సరమే ప్రచురణ సంవత్సరం. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో జర్నల్ పేరు తర్వాత ‘అడ్వాన్స్ ఆన్‌లైన్ పబ్లికేషన్’ అని రాసి డీఓఐ, అంటే వ్యాసానికి ఆన్‌లైన్‌లో ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తారు. ఏఎంఏ (అమెరికన్ మెడికల్ అసోసియేషన్) పద్ధతిలో ‘పబ్లిష్డ్ ఆన్‌లైన్’ అని రాసి నెల, రోజు, సంవత్సరం పూర్తిగా వేస్తారు. ‘ఇన్ ప్రెస్’ అన్న మాటను ఆమోదం పొంది ఇంకా ఎక్కడా కనిపించని వ్యాసానికే ఉంచాలి. ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తున్న వ్యాసాన్ని ఇన్ ప్రెస్ అనడం తప్పు. జర్నల్‌కు పంపి జవాబు కోసం ఎదురుచూస్తున్న వ్యాసం ఇన్ ప్రెస్ కూడా కాదు. దాన్ని అముద్రిత రాతప్రతిగానే చూపాలి.

థీసిస్ రాయడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. మొదటి సంవత్సరం ఆన్‌లైన్ రూపంలో చదివిన వ్యాసాలు సమర్పణ నాటికి సంచికల్లో చేరిపోయి ఉంటాయి. కాబట్టి బైండింగ్‌కు ఇచ్చే ముందు, కనీసం చివరి రెండేళ్లలో సేకరించిన ప్రతి రిఫరెన్స్ డీఓఐ మీద ఒకసారి నొక్కి, సంపుటి వచ్చిందేమో చూడాలి. వచ్చి ఉంటే సంవత్సరం మారొచ్చు. జాబితాలో 2023ను 2024గా దిద్ది ఊరుకుంటే సరిపోదు, అధ్యాయాల్లో ఆ రచయిత పేరు పక్కన ఉన్న ప్రతి 2023నూ దిద్దాలి. అదే రచయితవి 2024లో ఇప్పటికే రెండు వ్యాసాలుంటే, వాటిని విడిగా గుర్తుపట్టడానికి సంవత్సరం పక్కన వేసే ఏ, బీ అక్షరాలు కూడా జరుగుతాయి. చేత్తో జాబితా చేసుకునేవారికి ఇది నరకం. రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్ వాడటానికి ఈ ఒక్క కారణం చాలు.

అందిన తేదీ, సవరించిన తేదీ, ఆమోదించిన తేదీ ఏ శైలిలోనూ రిఫరెన్స్‌లోకి రావు. అవి సమీక్ష ఎంతకాలం నడిచిందో చెప్పే వివరాలు, అంతవరకే. దింపుకున్న తేదీ ప్రచురణ తేదీ అసలే కాదు. హార్వర్డ్ పద్ధతుల్లో వెబ్ పేజీలకు ‘చూసిన తేదీ’ అడుగుతారు, కానీ అది ప్రచురణ సంవత్సరానికి అదనం, బదులు కాదు. డీఓఐ ఉన్న జర్నల్ వ్యాసానికి ఏపీఏ దాన్ని అడగదు.

సుబ్బారావు వ్యాసంతో అన్ని శైలులూ

భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో, కాలేయంలో ఉండే ఫాస్ఫరస్ సమ్మేళనాల మీద సైన్స్ వారపత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. 70వ సంపుటి, 1816వ సంచిక, 1929 అక్టోబర్ 18, పేజీలు 381–382. వారపత్రిక కాబట్టి రోజు, నెల, సంవత్సరం మూడూ ఉన్నాయి. ఏ శైలి వాటిలో ఏది ఉంచుకుంటుంది, ఏది వదిలేస్తుంది, ఎక్కడ పెడుతుంది అన్నది ఈ ఒక్క వ్యాసంతో తేటగా తెలుస్తుంది. చదవడానికి వీలుగా నమూనాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి.

ఏపీఏ: ఫిస్కే, సి. హెచ్., & సుబ్బారావ్, వై. (1929). ఫాస్ఫరస్ కాంపౌండ్స్ ఆఫ్ మజిల్ అండ్ లివర్. సైన్స్, 70(1816), 381–382.

వాంకోవర్ (వైద్య జర్నళ్ల పద్ధతి): ఫిస్కే సీహెచ్, సుబ్బారావ్ వై. ఫాస్ఫరస్ కాంపౌండ్స్ ఆఫ్ మజిల్ అండ్ లివర్. సైన్స్. 1929 అక్టో 18;70(1816):381-2.

ఏపీఏలో రోజు, నెల మాయమయ్యాయి. చాలామంది తడబడేది ఇక్కడే. ఏపీఏ ఏడో ఎడిషన్‌లో వార్తాపత్రికకు, మామూలు మేగజైన్‌కు బ్రాకెట్లో సంవత్సరం, నెల, రోజు పూర్తిగా వేస్తారు. విద్యా జర్నల్‌కు మాత్రం సంవత్సరం ఒక్కటే. జర్నల్ ప్రతి వారం వచ్చేదైనా సరే, సంపుటి సంచిక సంఖ్యలుంటే వాటితోనే వ్యాసం దొరుకుతుంది కదా అన్నది దాని వెనుక ఆలోచన. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ వ్యాసాలను వాడే సాంఘిక శాస్త్ర విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోవాలి. ముఖపత్రం మీద 2020 మార్చి 7 అని ఉన్నా ఏపీఏ జాబితాలో 2020 అని, తర్వాత 55(10) అని రాస్తే చాలు. జర్నల్‌కు సంపుటి సంఖ్యో, సంచిక సంఖ్యో లోపించి, నెల లేదా రుతువు మాత్రం ఉంటే అప్పుడు దాన్ని సంవత్సరం పక్కన చేరుస్తారు. ఇక వ్యాసం నడుమ బ్రాకెట్లో ఇచ్చే ప్రస్తావనలో ఎప్పుడూ సంవత్సరమే. జాబితాలో పూర్తి తేదీ వేసిన వార్తాపత్రిక కథనానికి కూడా లోపల సంవత్సరం ఒక్కటే వేయాలి.

వాంకోవర్‌లో తేదీ మన తెలుగు వాడుక వరసలోనే నడుస్తుంది: ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు. నెలకు మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలు, చుక్క లేదు. మధ్యలో కామాలు లేవు. రోజు తర్వాత సెమీకోలన్, దానికి అతుక్కునే సంపుటి, ఖాళీ ఉండదు. పేజీ సంఖ్యల్లో మళ్లీ వచ్చే అంకెలు వదిలేస్తారు కాబట్టి 382 కాస్తా 2 అయింది. సంపుటి మొత్తానికి పేజీలు వరసగా నడిచే జర్నల్ అయితే నెల, రోజు, సంచిక సంఖ్య వదిలేసి 1929;70:381-2 అని కుదించడానికి వైద్య పత్రికల సంపాదకుల సంఘం ఒప్పుకుంటుంది. ఈ కుదింపు పాటిస్తే జాబితా అంతటా పాటించాలి. వంద రిఫరెన్సుల్లో నలభైకి నెల ఉండి అరవైకి లేకపోతే, అవి వేరువేరు చోట్ల నుంచి కాపీ చేసినవని చూడగానే తెలిసిపోతుంది. వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్ నుంచి తీసుకున్న వాటి చివర ‘ఈపబ్’ అని ఆన్‌లైన్ తేదీ కూడా వస్తుంది. సంచిక తేదీ ఉన్నప్పుడు థీసిస్‌లో దాన్ని ఉంచాల్సిన పని లేదు.

మిగతావి త్వరగా చూద్దాం. సాహిత్యంలో వాడే ఎంఎల్ఏలో తేదీ సంచిక తర్వాత, పేజీల ముందు వస్తుంది, రోజు ముందు నెల తర్వాత: 18 అక్టో. 1929. అక్కడ మే, జూన్, జులై నెలలను కుదించరు, మిగతావాటిని కుదిస్తారు. షికాగో పాదసూచికల పద్ధతిలో తేదీ మొత్తం బ్రాకెట్లోకి వెళ్లి, బ్రాకెట్ వెనుక కోలన్, ఆ వెనుక పేజీ వస్తాయి. సంచిక సంఖ్య ఇచ్చాక అక్కడ సంవత్సరం ఒక్కటే వేసినా సరిపోతుంది. అదే షికాగోలో రచయిత–సంవత్సరం పద్ధతి ఎంచుకుంటే సంవత్సరం పేరు పక్కకు వస్తుంది. ఇంజినీరింగ్‌లో వాడే ఐఈఈఈలో పేజీల తర్వాత చివర్లో నెల, సంవత్సరం. రెండు నెలల సంచిక అయితే రెండు నెలల పేర్లూ ఏటవాలు గీతతో (/) కలిపి వేస్తారు. అమెరికన్ కెమికల్ సొసైటీ పద్ధతిలో జర్నల్ పేరు వెనుకే సంవత్సరం బోల్డ్‌లో, ఆ పక్కన సంపుటి ఇటాలిక్స్‌లో. ఇక హార్వర్డ్ అన్నది ఒక పుస్తకం కాదు, దానికి ఒకే అధికార సంస్థ లేదు. హార్వర్డ్ పద్ధతిలో రాయమని విభాగం చెబితే ఎవరి హార్వర్డ్ అని అడిగి, నమూనా పేజీ తీసుకోవడమే దారి.

నెలను అంకెల్లో రాయడం వీటిలో ఏ ఒక్క శైలిలోనూ లేదు. 05/03/2020 అంటే మనకు మార్చి 5, అమెరికా వారికి మే 3. సొంత నోట్సులోనూ అలా రాసుకోవద్దు. ఆరు నెలల తర్వాత ఆ సమాచారం ఏ సైటు నుంచి తెచ్చుకున్నదో గుర్తుండదు, అప్పుడు రెండింటిలో ఏదో తేల్చే మార్గం కూడా ఉండదు. అంకెలే కావాలంటే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ప్రకారం 2020-03-05 అని, పెద్దది ముందు చిన్నది వెనుకగా రాసుకోవాలి.

రుతువుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. కొన్ని త్రైమాసికాలు స్ప్రింగ్, ఫాల్, వింటర్ అని వేస్తాయి. వింటర్ 2024 అంటే జనవరి కావచ్చు, డిసెంబర్ కావచ్చు. ఆస్ట్రేలియా పత్రిక అయితే జూన్ కావచ్చు. దాన్ని నెలగా మార్చకూడదు. ముఖపత్రం ఏమందో అదే రాయాలి.

1945నా, 1992నా?

గూగుల్ స్కాలర్‌లో కొటేషన్ గుర్తు నొక్కితే ఎంఎల్ఏ, ఏపీఏ, షికాగో, హార్వర్డ్, వాంకోవర్ అని అయిదు రూపాలు వస్తాయి. నగరంలో ఎన్ని రిఫరెన్స్ జాబితాలు అచ్చంగా అక్కడి నుంచే వస్తున్నాయో ఏ గైడ్‌ను అడిగినా చెబుతారు. అక్కడ విరామచిహ్నాలు దాదాపు సరిగానే ఉంటాయి. సంవత్సరాన్ని మాత్రం కళ్లు మూసుకుని నమ్మకూడదు.

సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు ప్రసిద్ధ వ్యాసాన్నే చూడండి. క్రామర్–రావు అవధి అనే సంఖ్యాశాస్త్ర ఫలితానికి మూలమైన ఆ వ్యాసం కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్ 37వ సంపుటిలో, 1945లో, 81 నుంచి 91 పేజీల్లో వచ్చింది. దాన్ని 1992లో స్ప్రింగర్ వారు సంఖ్యాశాస్త్రంలో మైలురాళ్లనదగ్గ వ్యాసాల సంకలనంలో మళ్లీ అచ్చువేశారు. ఇంటర్నెట్‌లో సులువుగా దొరికేది ఆ సంకలనంలోని అధ్యాయం, దానికి డీఓఐ కూడా ఉంది. ఫలితంగా రావు, 1992 అన్న ప్రస్తావన వ్యాసాల్లోకి వస్తుంటుంది. నలభై ఏడేళ్ల తేడా! ఆ వరసను చదివిన కొత్త విద్యార్థికి, ఈ ఫలితం మీద 1950ల్లో, 60ల్లో జరిగిన పని అంతా దానికంటే ముందే జరిగినట్టు కనిపిస్తుంది. విషయ చరిత్రే తలకిందులవుతుంది.

చదివింది 1992 సంకలనంలోనే అయితే దాన్ని దాచనక్కర్లేదు. ఏపీఏ ఇలాంటి సందర్భానికి రెండు సంవత్సరాలూ ఇచ్చే వీలు కల్పించింది. వ్యాసం లోపల (రావు, 1945/1992) అని, జాబితాలో 1992 వివరాలన్నీ రాసి చివర బ్రాకెట్లో మూల రచన 1945లో ప్రచురితమని రాస్తే సరిపోతుంది. పేజీ సంఖ్యలు మాత్రం 1992 పుస్తకంవే ఇవ్వాలి, ఎందుకంటే చదివింది ఆ పేజీలే. రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్ జొటెరోలో అయితే ఎక్స్‌ట్రా అన్న గడిలో మూల తేదీని విడిగా నమోదు చేసుకోవచ్చు.

డీఓఐ వెనుక ఉన్న తేదీలు ఇంకో ఉచ్చు. ఫిస్కే, సుబ్బారావుల ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటి, 375–400 పేజీల్లో 1925లో వచ్చింది. ఇవాళ దానికి డీఓఐ ఉంది. జర్నళ్ల డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ మొదలైందే 2000లో. అంటే ఆ వ్యాసానికి డీఓఐ నమోదైన తేదీ, వ్యాసం అచ్చయిన తేదీ కంటే మూడు పాతికలు దాటిన తర్వాతది. క్రాస్‌రెఫ్ రికార్డులో నమోదు తేదీ, చివరగా మార్చిన తేదీ, ఆన్‌లైన్ ప్రచురణ తేదీ, అచ్చు ప్రచురణ తేదీ వేరువేరు గడుల్లో ఉంటాయి. ‘ఇష్యూడ్’ అనే గడిలో అచ్చు, ఆన్‌లైన్ తేదీల్లో ఏది ముందైతే అది వస్తుంది. పైన చెప్పిన 2023 డిసెంబర్ వ్యాసానికి ఆ గడి 2023 అనే చూపిస్తుంది, పక్కన సంపుటి మాత్రం 41! సాఫ్ట్‌వేర్ తెచ్చిచ్చే తప్పు జతలు చాలావరకు ఇక్కడివే.

ప్రీప్రింట్ల, అంటే జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతుల సంగతి కొంత తేలిక. ప్రీప్రింట్ల వెబ్‌సైట్ ఆర్‌కైవ్ (arXiv) ఇచ్చే సంఖ్యలో మొదటి నాలుగు అంకెలే సంవత్సరం, నెల. 2003తో మొదలైతే 2020 మార్చి అని అర్థం, 2003వ సంవత్సరం కాదు. 2007 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి ఉంది. ఒకే ప్రీప్రింట్‌కు మొదటి రూపం, రెండో రూపం అని ఉంటే చదివిన రూపం సంవత్సరం వేయాలి. అది జర్నల్‌లో వచ్చేసి ఉంటే జర్నల్ వ్యాసం తెరిచి చూసి, కావలసిన విషయం అక్కడా ఉందని తేల్చుకుని, దాన్నే ఇవ్వడం మేలు. సమీక్షలో సంఖ్యలు మారడం అరుదేమీ కాదు.

సాఫ్ట్‌వేర్‌లో తేదీ చెడిపోయే చోట్లు

జొటెరోలో తేదీ గడికి కుడివైపున సంవత్సరం, నెల, రోజులకు గుర్తుగా చిన్న అక్షరాలు కనిపిస్తాయి. రాసిన తేదీని అది ఏ వరసలో అర్థం చేసుకుందో ఆ అక్షరాలే చెబుతాయి. 05/03/2020 అని అతికిస్తే కంప్యూటర్ భాషా సెట్టింగును బట్టి అర్థం మారిపోతుంది. 2020-03-05 అని రాస్తే మారదు. కొత్త వ్యాసం చేర్చిన ప్రతిసారీ ఆ గడిని, సంపుటి గడిని పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకుంటే, చివర్లో రెండు వందల రిఫరెన్సులు దిద్దే పని తప్పుతుంది.

లేటెక్స్ వాడే ఇంజినీరింగ్, గణిత విద్యార్థులు బిబ్‌టెక్స్‌లో నెలను మూడు ఇంగ్లిష్ అక్షరాల్లో, కొటేషన్లు గానీ మీసాల బ్రాకెట్లు గానీ లేకుండా రాయాలి. అప్పుడే శైలి ఫైలు తన పద్ధతిలో దాన్ని కుదిస్తుంది. బ్రాకెట్లో పెట్టి మార్చ్ అని పూర్తిగా రాస్తే ఏ శైలిలోనైనా మార్చ్ అనే వస్తుంది. ఎండ్‌నోట్, మెండెలే అనే రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్ల మధ్య ఆర్ఐఎస్ ఫైలుగా రిఫరెన్సులు పంపేటప్పుడు సంవత్సరం ఒక ట్యాగులో, పూర్తి తేదీ ఇంకో ట్యాగులో వెళతాయి. రెండూ వేరు సంవత్సరాలు చూపిస్తుంటే సంపుటితో సరిపోయేది ఉంచి రెండోది దిద్దాలి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఉండే రిఫరెన్స్ పనిముట్టు చాలా వెర్షన్లలో ఏపీఏ ఆరో ఎడిషనే చూపిస్తుంది. విభాగం ఏడో ఎడిషన్ అడుగుతుంటే దాని మీద ఆధారపడలేం.

అందరికంటే నిశ్శబ్దంగా నష్టం చేసేది ఎక్సెల్. రిఫరెన్సులను సీఎస్‌వీ ఫైలుగా దింపి ఎక్సెల్‌లో తెరిస్తే, 3-4 అనే జంట సంచిక సంఖ్య తేదీగా మారిపోతుంది. భారతదేశపు సెట్టింగులో ఏప్రిల్ 3, అమెరికా సెట్టింగులో మార్చి 4. సేవ్ చేశాక అసలు సంఖ్య తిరిగి రాదు. ఫైలును డబుల్ క్లిక్‌తో తెరవకుండా, డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేస్తూ సంచిక, పేజీల నిలువు వరుసలను టెక్స్ట్‌గా ఎంచుకోవాలి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్పించిన తెలుగు థీసిస్ అయితే అంకెల పక్కనున్న గీతలు, బ్రాకెట్లు మారాయేమో అచ్చు ప్రతితో పోల్చి చూడాలి.

రోజు కూడా ముఖ్యమైన సందర్భాలు

రిఫరెన్స్‌కు సంవత్సరం చాలినా, కొన్ని రంగాల్లో అసలు ఏ రోజు బయటికొచ్చిందన్నది వేరే లెక్క. కొత్త జీవజాతికి పేరు పెట్టినప్పుడు ముందు ఎవరు ప్రచురించారన్నదే పేరును తేలుస్తుంది. జంతు నామకరణ నియమావళి 21వ అధికరణం ప్రకారం, సంచిక మీద నెల మాత్రమే ఉండి వేరే రుజువు లేకపోతే ఆ నెల చివరి రోజును, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ సంవత్సరం చివరి రోజును ప్రచురణ తేదీగా పట్టుకుంటారు. అందుకే ఈ రంగంలో పనిచేసేవారు సంచిక తేదీతో పాటు అసలు విడుదలైన తేదీని కూడా నోట్ చేసుకుంటారు. పేటెంట్ల విషయంలోనూ సంచిక తేదీ కాదు, విషయం జనానికి మొదట అందుబాటులోకి వచ్చిన తేదీ లెక్కకొస్తుంది. జీనోమ్ వ్యాలీలో పేటెంట్ ఆలోచన ఉన్న బృందం మార్చి సంచిక కదా, ఇంకా టైముందనుకుంటే, డిసెంబర్‌లోనే ఆన్‌లైన్‌లోకి వచ్చిన వ్యాసం వారికే అడ్డు తగులుతుంది.

ఆలస్యంగా వచ్చే సంచికలు, ముఖపత్రం పోయిన సంపుటాలు

మన దగ్గర విభాగాలు, సంఘాలు నడిపే పత్రికలు ఆలస్యంగా రావడం ఉన్నదే. జనవరి–మార్చి 2019 సంచిక 2020లో చేతికి రావొచ్చు. రిఫరెన్స్‌లో ముఖపత్రం మీదున్న తేదీయే వేయాలి, పోస్టులో అందిన తేదీ కాదు. ఆ సంచికలోని వ్యాసం తర్వాత జరిగిన సంఘటనను ప్రస్తావిస్తే చదివేవారికి తికమకగా ఉంటుంది కాబట్టి, పాదసూచికలో సంచిక నిజంగా వెలువడిన సంవత్సరం ఒక మాట చెప్పడం మంచిది. డిసెంబర్ 2023–జనవరి 2024 లాంటి జంట సంచికకు రెండు సంవత్సరాలూ రాయాలి, ఒకటి ఎంచుకోకూడదు.

తెలుగు సాహిత్య పరిశోధకుడికి అసలు కష్టం పాత పత్రికలతో. 1901లో పుట్టిన సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల పాత పత్రికలు బైండు చేసిన సంపుటాలుగా దొరుకుతాయి. బైండు చేసేటప్పుడు ముఖపత్రాలు తీసేయడం పాత అలవాటు, తేదీ ఉండేది వాటి మీదే. వెన్నుమీద బంగారు అక్షరాల్లో ఉన్న సంవత్సరాన్ని నమ్మొద్దు, ఒకే బైండులో రెండు సంవత్సరాల సంచికలు కలిసి ఉండొచ్చు. ముందు మొదటి పేజీ నెత్తిన సంపుటి, సంచిక సంఖ్య వెతకాలి. దానికి ముందు, వెనుక తేదీ ఉన్న సంచికలు దొరికితే లెక్కకట్టాలి. అలా తేల్చుకున్న సంవత్సరాన్ని చతురస్ర బ్రాకెట్లో వేస్తారు, అనుమానం మిగిలితే లోపలే ప్రశ్నార్థకం పెడతారు: [1935?]. ఏమీ తేలకపోతే తేదీ లేదు అని రాయాలి. ఇంగ్లిష్ శైలుల్లో ఎన్.డి. అనేది ఇదే.

తెలుగులో రాసే థీసిస్‌కు ఇంగ్లిష్ శైలి వరసను యథాతథంగా తెచ్చి (1935, మార్చి 5) అని కామాతో రాయడం తెలుగు చదువరికి ఎబ్బెట్టుగా ఉంటుంది. 1935 మార్చి 5 అన్నదే మన వరస. శైలి ఏదైనా, జాబితా అంతా ఒకే వరసలో ఉంటే చాలు. ఒకే రచయితవి ఒకే సంవత్సరంలో రెండుంటే 1935అ, 1935ఆ అని వ్యాసాల పేర్ల అకారాది క్రమంలో ఇవ్వొచ్చు.

1924లో మొదలైన భారతి కాలంనాటి పత్రికల్లో తెలుగు సంవత్సరం పేరు, చాంద్రమాసం కనిపిస్తాయి. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అది అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుందని మరవకూడదు. క్రోధి అంటే 1904, 1964, 2024 మూడూ అవుతాయి. పైగా ఆ సంవత్సరం ఉగాదితో మొదలై మరుసటి ఉగాదికి ముగుస్తుంది. రుధిరోద్గారి 1923 ఉగాదిన మొదలైంది గనుక ఆ సంవత్సరపు మాఘం, ఫాల్గుణం 1924లోకి వస్తాయి. పుష్యం డిసెంబర్, జనవరులను అంటిపెట్టుకుని ఉంటుంది, తిథి లేకుండా తేల్చడం కుదరదు. రిఫరెన్స్‌లో పత్రిక వేసిన పేరును ఉంచి, పక్కన చతురస్ర బ్రాకెట్లో లెక్కకట్టిన సంవత్సరం ఇస్తే రెండు విధాలా న్యాయం జరుగుతుంది.

నిజాం కాలపు ప్రచురణల్లో ఫసలీ, అంటే అప్పటి ప్రభుత్వ సంవత్సర లెక్క వస్తుంది. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం ఆజర్ నెలతో, అక్టోబర్ మొదట్లో మొదలయ్యేది. ఆ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి సంవత్సరం ముగిసేదాకా 591 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీ అంటే 1949 ఆగస్టు కావడం ఈ లెక్కకు సరిపోతుంది. నెల తెలియకపోతే ఒక్క సంవత్సరం వేయకుండా 1948–49 అని రెండూ ఇవ్వాలి. నిజాం రాజ్యపు పురావస్తు శాఖ వార్షిక నివేదికల మీద 1337 ఫసలీ, 1927–28 అని రెండు లెక్కలూ ఉంటాయి. అయితే అవి నివేదిక ఏ సంవత్సరానికి సంబంధించిందో చెబుతాయి. అచ్చయిన సంవత్సరం వేరుగా, పేరు పేజీ అడుగున ముద్రణాలయం పేరు దగ్గర ఉంటుంది. రిఫరెన్స్‌లో ప్రచురణ సంవత్సరం స్థానంలో ఆ అచ్చు సంవత్సరం వెళ్లాలి, 1337 ఫసలీ నివేదిక పేరులో భాగంగా ఉండిపోవాలి.